మెషీన్ లేని రోజులు

మా డాబా మీద ఒక రేకుల గది ఉంది. పాత సామాన్లు వేసుకోవడానికి మా మామగారు కట్టించారు. ఇల్లు చిక్కడపల్లిలో కావడంతో అశోక్‌నగర్ కోచింగులకు వచ్చే పిల్లలు ఆ గదైనా చాలని అడుగుతుండేవారు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషి ఉండలేడని నేనే వద్దనేదాన్ని.

2010 వేసవిలో సమ్మక్క వచ్చినప్పుడు కూడా అదే చెప్పాను. నలభై దాటిన మనిషి, ఎత్తుగా, బక్కగా ఉంది. నెత్తి మీద మూట దించకుండానే మాట్లాడింది. ఆమె వెనక, గేటు పక్కన, ఒకాయన గోడకు ఆనుకొని నేల మీదే కూలబడి ఉన్నాడు. పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు.

"మా ఆయన అమ్మా. రెండు కిడ్నీలు పోయినయ్. పెద్దాసుపత్రిల మెషీన్ మీద పెట్టి రక్తం కడుగుతరు. ముందుగాల్నే చెప్తున్న. చేరినంక తెల్సి పొమ్మంటె మల్ల మూట మోసుకొని తిరగలేం. రెండు ఇండ్లల్ల గట్లనే అయ్యింది."

మా ఆయన ఉమాకాంత్ లోపలి నుంచి విన్నాడు. హిమాయత్‌నగర్‌లో కాగితాల దుకాణం ఆయనది. బయటికి వచ్చి కిరాయి మాట ఎత్తకుండా, "పైకెక్కగలడా?" అని మాత్రం అడిగాడు.

గోడకు ఆనుకున్న మనిషి తలెత్తి నవ్వాడు. "తాళ్లెక్కినోన్ని సారూ. మెట్లెక్కనా?"

మెట్లెక్కడానికి ఆయన రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది.

ఆయన పేరు దాసయ్య. పరకాల దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ కల్లు గీసిన మనిషి. పొద్దున చీకటితో లేచి చెట్లెక్కడం, మధ్యాహ్నం పడుకోవడం, సాయంత్రం మళ్లీ చెట్లు. సమ్మక్కకు పత్తి చేను, గేదె, పొయ్యి. ఒక్కతే బిడ్డ సంధ్య, హన్మకొండలో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. కాళ్లకు నీరు దిగి, చెట్టు మీద ఊపిరాడక ఒకరోజు దాసయ్య సగంలోనే దిగిపోయాడట. డాక్టర్లు పరీక్షలు చేసి జబ్బు పేరు చెప్పారు. అక్కడ మెషీన్లన్నీ నిండిపోయి ఉన్నాయి. హైదరాబాదులో ఖాళీ దొరికింది. వైద్యం సర్కారు కార్డు మీద జరిగిపోతుంది, ఉండటం తినడం మాత్రం వాళ్లు చూసుకోవాలి. అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో సమ్మక్కకు పని కుదిరింది. తెల్లవారగానే వెళ్లి చపాతీలు చేసి, గిన్నెలు కడిగి, పదకొండింటికల్లా వచ్చేసేది.

వారంలో మూడు రోజులు ఆస్పత్రి. మంగళ, గురు, శనివారాలు. ఆ రోజుల్లో ఆమె పని నుంచి రాగానే ఇద్దరూ పోతే సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. ఆయన ముఖం పిండిన గుడ్డలా ఉండేది. మిగతా రోజుల్లో డాబా మీద కుర్చీ వేసుకొని, ఎదురింటి వాళ్ల గోడ చూస్తూ కూర్చునేవాడు. ఆ గోడ మీద ఏమీ లేదు, సున్నం రాలిన మరకలు తప్ప. నేను బట్టలు ఆరేయడానికి పైకెళ్తే లేచి నిలబడబోయేవాడు. కూర్చోమనేదాన్ని. మళ్లీ గోడ వైపు తిరిగేవాడు. సమ్మక్క పక్కనే కింద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుండేది. ఇద్దరి మధ్య మాట ఉండేది కాదు.

"కొట్లాడుకున్నరా?" అని ఒకసారి అడిగాను.

"లేదమ్మా. ఏం మాట్లాడాల్నో తెల్వది. ఊర్ల ఆయన తొవ్వ ఆయనది, నా తొవ్వ నాది. ఇంత పొద్దు ఒక్కకాడ కూసున్నది ఎన్నడు లేదు."

మెషీన్ దగ్గరుండే నర్సు ఒకావిడ దాసయ్యను కసిరిందట. కూర్చుంటే కాళ్లు మొద్దుబారిపోతాయి, మెషీన్ లేని రోజుల్లో మెల్లగా నడువు, నలుగురిలో తిరుగు అని. ఆ మాట పట్టుకొని సమ్మక్క నా దగ్గరికి వచ్చింది.

"ఈడ పైసలు వెట్టకుంట పోయేటివి ఏమన్న ఉన్నయా అమ్మా?"

నాకు వెంటనే తోచింది త్యాగరాయ గానసభ. మా సందు నుంచి నాలుగడుగులు. సాయంత్రమైతే ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. హరికథో, నాట్యమో, ఎవరికో సన్మానమో. టికెట్టు ఉండదు. వెళ్లి కూర్చుంటే చాలని చెప్పాను.

మొదటి సాయంత్రం వాళ్లు లోపలికి పోలేదు. గేటు బయట నిలబడి పాట విని వచ్చేశారు. లోపల అందరూ పట్టుచీరల్లో ఉన్నారట. మరుసటి వారం నేనే తీసుకెళ్లి చివరి వరుసలో ఫ్యాను కింద కూర్చోబెట్టాను. ఒక చిన్నపిల్ల భరతనాట్యం చేస్తోంది. దాసయ్య తువ్వాలు ఒళ్లో పెట్టుకొని, కార్యక్రమం అయ్యేదాకా కదలలేదు. చివరలో ఉపన్యాసాలు మొదలై జనం లేచిపోతుంటే ఆయన మాత్రం లేవలేదు. "వాళ్లు చెప్పేది ఇనకుంట పోతె మంచిగుండదు" అన్నాడు.

ఆ తర్వాత వాళ్లకు భయం పోయింది. మొదట నడిచి పోయేంత దూరమే. నారాయణగూడ చౌరస్తా దాకా, ఇందిరా పార్కు దాకా, ఇంకోరోజు బర్కత్‌పుర దాటి కాచిగూడ స్టేషన్ దాకా. స్టేషన్ బయట కూర్చుని దిగేవాళ్లనూ ఎక్కేవాళ్లనూ చూసి వచ్చేవారు. నల్లకుంట మార్కెట్‌కు కూరగాయలు కొనడానికి కాదు, చూడటానికి పోయేవారు. తర్వాత రోజంతా ఏ బస్సైనా ఎక్కి దిగే టికెట్ ఒకటి ఉంటుందని కండక్టర్ చెప్పాడట. అది కొని, ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కి, చివరి స్టాపు దాకా పోయి, అదే బస్సులో తిరిగొచ్చేవారు. ఊరి చివర్లు ఎలా ఉంటాయో నాకు వాళ్లు చెప్తేనే తెలిసింది.

దాసయ్యకు రోజుకు ఇన్ని నీళ్లే అని కొలత ఉంది. చిన్న సీసాలో పోసుకొని తీసుకెళ్లేవాడు. ఎండ ఎక్కువైతే సమ్మక్క తువ్వాలు తడిపి ఇచ్చేది, దానితో పెదవులు తుడుచుకునేవాడు. ఆయన ఎదురుగా ఆమె నీళ్లు తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి రాగానే మా వంటింటి గుమ్మంలో నిలబడి, చెంబెడు నీళ్లు గటగటా తాగి పైకి పోయేది.

ఒక శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియంకు పోతే మూసి ఉందట. చెప్పలేదేమని నా మీద కోపం వస్తుందేమో అనుకున్నాను. నిజానికి శుక్రవారం సెలవని నాకూ గుర్తులేదు.

"మూస్తె మూసిండ్రు తియ్యమ్మా" అన్నాడు దాసయ్య. "మూసీ వంతెన మీద నిలవడ్డం. మస్తు గాలి."

2011 మొదట్లో ఒక బుధవారం పబ్లిక్ గార్డెన్స్‌కు పోయారు. అక్కడి మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఈజిప్టు దేశపు ఆడపిల్ల శవం ఉంటుంది. గుడ్డలు చుట్టి, వేల ఏళ్లుగా చెడిపోకుండా దాచినది. అందరూ ఒక చూపు చూసి ముందుకు పోతారు. దాసయ్య అక్కడే నిలబడిపోయాడు.

"పిల్లనా?" అని అక్కడి కాపలా మనిషిని అడిగాడట.

"పిల్లే. రాజుల పిల్ల అంటరు."

"గింత దూరం తెస్తుంటె ఆమె తరఫోళ్లు ఏమనలేదా?"

కాపలా మనిషి నవ్వేశాడు. దాసయ్యకు నవ్వు రాలేదు. బయటికి వచ్చి చెట్టు నీడన బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అన్నాడట:

"నేను ఈ పట్నంల పోతె నన్ను ఊరికి తీస్కపో."

"ఊకో అయ్యా. గిప్పుడు ఆ మాటలెందుకు?"

"ఎప్పుడో ఒకప్పుడు అనాలె గద. నాకు బుగులు లేదు. నువ్వు ఒక్కదానివి ఎట్ల చేస్తవో అని రంది. చెప్పిన గద, తీస్కపో. కని తొందరేం లేదు. చూడనియి ఇంక మస్తున్నయ్."

సమ్మక్క ఆ బెంచీ మీదే ఏడ్చింది. జబ్బు పేరు విన్న రోజు కూడా ఏడవని మనిషి. దాసయ్య ఏం చేయాలో తెలియక తన తువ్వాలుతో ఆమె ముఖం తుడిచాడు. "పెండ్లయినంక ఆయన నా కండ్లు తుడుసుడు అదే మొదలమ్మా" అని ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాతో చెప్పింది. చెప్పాక సిగ్గుపడి లేచిపోయింది.

ఆ వేసవిలోనే గొడవ వచ్చింది. వాళ్ల ఊరివాడొకడు డ్రైవర్ పనికని పట్నం వచ్చి, ట్యాంక్‌బండ్ మీద వీళ్లను చూశాడు. ఊరికి పోయి చెప్పాడు. రెండు వారాలు తిరగకముందే దాసయ్య అన్న పోచయ్య వచ్చాడు. అప్పటిదాకా వీళ్లకు బియ్యం, కారం, పప్పు పంపిస్తున్నది ఆయనే. ఆ రోజు కూడా బియ్యం మూట తెచ్చాడు. దాన్ని మా వాకిట్లో దించి, పైకి పోకుండా అక్కడే నిలబడి కేక వేశాడు.

"దాసిగా! కిందికి రా."

దాసయ్య మెల్లగా దిగి వచ్చాడు. వెనక సమ్మక్క.

"బండల మీద కూసోని నవ్వుకుంట ముచ్చట్లు వెడ్తున్నరట. నిజమేనా?"



"నా పిల్లల నోట్ల మన్ను గొట్టి మీకు బియ్యం పంపుతున్న. వైద్యమని వచ్చి మీరు షికార్లు చేస్తున్నరు. రోగమొచ్చినోడు రోగమొచ్చినోని తీర్గ ఉండాలె. ఊర్ల నన్ను నలుగురు అడుగుతున్నరు, మీ తమ్మునికి నిజంగ రోగమేనా అని."

నేను కలగజేసుకోబోయాను. ఉమాకాంత్ నా చేయి పట్టుకొని ఆపాడు. సమ్మక్క బావగారి ముందు తల ఎత్తలేదు. పోచయ్య మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సందు మలుపులో కండువాతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. తమ్ముడి కాళ్లు, చేతి మీద సూదులు గుచ్చి ఉబ్బిన నరం ఆయనా చూసే ఉంటాడు.

ఆ మర్నాటి నుంచి దాసయ్య కుర్చీ మళ్లీ గోడ ముందుకు వచ్చింది. ఆస్పత్రికి తప్ప కాలు బయటపెట్టలేదు. గానసభలో ఇవాళ హరికథ ఉందని నేను చెప్పినా, "ఒంట్లె మంచిగ లేదమ్మా" అనేవాడు. నిజంగానే ఒళ్లు బాగుండటం మానేసింది. అన్నం తగ్గింది. మాట తగ్గింది. సమ్మక్క మళ్లీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టింది.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి బయటికి రాలేదు. ఆటోలు కూడా తిరగని ఒక గురువారం దాసయ్యకు మెషీన్ రోజు. అది తప్పితే ఒంట్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఉమాకాంత్ ఇద్దరినీ స్కూటర్ మీద ఎక్కించుకున్నాడు కానీ క్రాస్ రోడ్డు దగ్గర టైర్లు కాలుతున్నాయి, బండ్లను వెనక్కి పంపుతున్నారు. స్కూటర్ అక్కడే ఒక దుకాణం ముందు పెట్టేసి, ముగ్గురూ నడిచారు.

దాసయ్య పదడుగులు వేసి కూర్చునేవాడట. లేచి మళ్లీ పదడుగులు. ఒకచోట మూసిన షట్టర్ ముందు కూర్చుని అన్నాడట:

"పోయిన ఏడు ఇదే తొవ్వల అటు ముషీరాబాద్ దాక పోయినం సారూ. ఎక్కడ ఆగలే."

ఆ మాట ఉమాకాంత్ తర్వాత నాకు చెప్పాడు. ధర్నాలో ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు వీళ్లను చూసి కుర్చీ తెచ్చారు. దాసయ్యను దాని మీద కూర్చోబెట్టి ఆస్పత్రి గేటు దాకా మోశారు.

మరునాడు పని నుంచి రాగానే సమ్మక్క మా ఫోను దగ్గరికి వచ్చి పోచయ్య నంబర్ కలపమంది. నేను పక్కకు పోబోతే, "ఉండమ్మా" అంది.

"బావా, నేను సమ్మక్కను. నువ్వు ఆనాడు చెప్పినవు, నేను ఇన్న. ఇయ్యాల నేను చెప్త, నువ్వు ఇను. నీ తమ్మునికి మంచిగ కాదు. డాక్టరు చెప్పిండు. మెషీన్ నడిచినన్ని దినాలే. ఆ దినాలల్ల గోడ చూసుకుంట కూసోమంటవా? నవ్వుతున్నరట అన్నవు. అవును నవ్వినం. ముప్పై ఏండ్ల సంది నవ్వలే మేము, తీరిక లేక. నువ్వు బియ్యం పంపకున్నా సరే, నాకు పనుంది, సాదుకుంట. ఇగ మేము మల్ల తిరుగుతం. ఊర్ల అడిగితె సమ్మక్కనే చెప్పిందని చెప్పు."

 ఆమె ఫోను పెట్టేసింది. 

తర్వాతి నెల పోచయ్య మనిషి ఒకడు బియ్యం తెచ్చి ఇచ్చాడు. మూటకు ఒక కొత్త గొడుగు కట్టి ఉంది. "ఎండల తిరుగుతున్నరట గద, ఇయ్యమన్నడు" అన్నాడు.

ఆ తర్వాత వాళ్లు ఇంకా ఏడాది పైన తిరిగారు. దూరాలు తగ్గాయి, కూర్చునే వేళలు పెరిగాయి. అయినా మానలేదు. అన్నిట్లోకి సమ్మక్క ఎక్కువగా చెప్పింది గోల్కొండ గురించి. రెండు బస్సులు మారి పోయారు. దాసయ్య కోట పైదాకా ఎక్కాలని చాలా ఆశపడ్డాడు. మొదటి మలుపులోనే ఊపిరి అందలేదు. ఒక రాతి మీద కూర్చుని, గొడుగు వేసుకొని, ఆమెతో అన్నాడట:

"నువ్వు పోయి చూసి రా. వచ్చి నాకు చెప్పు."

"నిన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోత?"

"ఇన్నేండ్లు నేను చెట్టు మీదికెల్లి చూసి చెప్తుంటి, అవుతలూరు గుడి కనవడ్తది, చెరువు కనవడ్తదని. నువ్వు ఒక్కసారన్న చూసినవా? పో."

సమ్మక్క ఒక్కతే ఎక్కింది. ఆమె జీవితంలో పని కోసం కాకుండా, ఎవరి వెనకా కాకుండా, ఒక్కతే ఒక చోటు చూడటానికి పోవడం అదే మొదటిసారి. పైకి పోయి నలువైపులా చూసింది. దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఎటు చూస్తే ఏం కనపడిందో అంతా చెప్పింది. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. మధ్యమధ్యలో, "అటుపక్క ఏముంది? చెట్లున్నయా?" అని అడిగాడు. చెప్పడం అయ్యేసరికి పొద్దు వాలింది. "నాకు గంత మాట వస్తదని నాకే తెల్వదమ్మా" అంది సమ్మక్క.

2013 జనవరిలో ఒక శనివారం మెషీన్ మీద ఉండగానే దాసయ్యకు రక్తపోటు పడిపోయింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. సంధ్య హన్మకొండ నుంచి వచ్చేసరికి అయిపోయింది. సమ్మక్క ఎవరినీ ఏమీ అడగకుండా పోచయ్యకు కబురు చేసి, బండి మాట్లాడి, ఆయనను ఊరికి తీసుకుపోయింది. నేనూ ఉమాకాంత్ దినాలకు వెళ్లాం.

అక్కడ ఆడవాళ్లు సమ్మక్క చుట్టూ చేరి, పట్నంలో ఎన్ని కష్టాలు పడ్డారోనని అడుగుతున్నారు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మెషీన్ దగ్గర ఆయన పడ్డ బాధ చెప్పింది, కొలత నీళ్లతో తీరని దూప చెప్పింది. తర్వాత బస్సుల సంగతి, గానసభ సంగతి కూడా చెప్పింది. ఒక ముసలావిడ ముఖం తిప్పుకుంది. అరుగు మీద కూర్చున్న పోచయ్య తల ఎత్తకుండానే అన్నాడు:

"చెప్పనియ్యున్రి. మా తమ్ముడు ఏమేం చూసిండో నేను కూడ ఇంట."

అందరూ అనుకున్నట్టు సమ్మక్క ఊళ్లో ఉండిపోలేదు. నెల తిరగకుండానే చిక్కడపల్లి వచ్చి హాస్టల్ పనిలో చేరింది. ఊళ్లో ఏం చేయాలో తోచలేదంది. చదువు పూర్తి చేసిన సంధ్యకు నల్లకుంటలో ఒక నర్సింగ్ హోములో ఉద్యోగం దొరికాక, 2014 మొదట్లో తల్లీకూతుళ్లు అటే ఒక గది తీసుకున్నారు. సామాను తీసుకుపోయే రోజు రేకుల గది ఊడ్చి, అలికినట్టు తుడిచి తాళం నా చేతికిచ్చింది.

వేసవిలో ఒక ఆదివారం మళ్లీ కనిపించింది. హాస్టల్‌కు సెలవట. "పనుందా అమ్మా ఇయ్యాల? లేకుంటె నడువు" అంది. ఎక్కడికని అడిగితే, కాచిగూడలో లోకల్ రైలెక్కుదామంది. రైలు వంతెన మెట్లు దాసయ్య ఎక్కలేడని ఎన్నడూ పోలేదట.

పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ రైలు నేనూ ఎక్కలేదు. ఇద్దరం కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. సికింద్రాబాద్ దాటాక ఇళ్ల వెనకభాగాలు కనపడసాగాయి. ఆరేసిన బట్టలు, నీళ్ల డ్రమ్ములు, పట్టాల పక్కన క్రికెట్ ఆడే పిల్లలు. సమ్మక్క ఒకచోట కొంగు తీసి కళ్లద్దుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. కాసేపటికి సీసా మూత తీసి, నిండుగా నీళ్లు తాగింది.

పక్క సీట్లో కూరగాయల సంచీతో ఉన్న ఆవిడ, "ఎక్కడిదాంక పోతరక్కా?" అని అడిగింది.

"ఆఖరుదాంక" అంది సమ్మక్క.

"అక్కడ చుట్టాలున్నరా?"

"ఎవలు లేరు. చూసి వద్దామని."

ఆవిడ మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, తన సంచీ కాళ్ల కిందికి జరుపుకొని, మాకు కిటికీ బాగా కనపడేలా వెనక్కి ఆనుకొని కూర్చుంది.